ఫిర్యాదు లేని మేస్త్రి

తంగేటిపాడు పురపాలక సంఘానికి ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చినప్పుడల్లా ప్రజలు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుగుతారు. కిందటి మాఘమాసంలో అలాంటి ప్రేమే ఒకటి పుట్టింది. వైస్ చైర్మన్ గారి బావమరిది కొత్తింట్లో గృహప్రవేశం నాడు, పొయ్యి మీది పాలు ఇంకా పొంగకముందే వంటింటి శ్లాబు పెచ్చు ఒకటి ఊడి సూటిగా గిన్నెలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాలు మాత్రం పురోహితుడు కోరినదానికంటే బాగానే పొంగాయి.

అంతకు ముందు పదేళ్ళుగా ఊళ్ళో జనం శ్లాబులు కురుస్తున్నాయనీ, గోడలు బీటలు వారుతున్నాయనీ, కాంట్రాక్టరు నట్టేట ముంచాడనీ మొత్తుకుంటూనే ఉన్నారు. ఆఫీసువారు ఆ మొత్తుకోళ్ళన్నిటినీ ఒక పెద్ద రిజిస్టర్లో తేదీలవారీగా, గుండ్రటి దస్తూరీతో రాసి పెడుతూనే ఉన్నారు. రాయడం వరకే వాళ్ళ పని కాబట్టి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. పాలగిన్నెలో పెచ్చు పడ్డాక మాత్రం కౌన్సిలు అత్యవసరంగా సమావేశమై, 'అయోగ్య గుత్తేదారుల నుండి గృహస్థుల పరిరక్షణ పథకం' అనేదాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

పథకంలో అసలు నిబంధన ఒకటే. ఇకమీదట ఊళ్ళో శ్లాబు ఇల్లు కట్టుకోదలచినవారు 'పురపాలక సంఘము ఉత్తమ శ్రేణిగా గుర్తించిన అనుభవజ్ఞుడైన గుత్తేదారుచే మాత్రమే పని ప్రారంభింపజేయవలెను.' మరమ్మతులకు ఇది వర్తించదని తొమ్మిదో నిబంధనలో చిన్న అక్షరాలతో వేశారు. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా అనుభవాన్ని ఎలా కొలవాలన్న దగ్గర వచ్చింది. దానికొక కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు కూర్చుంది. ఇంటి ప్లానులో యజమాని పేరు ఉంటుంది, ఇంజనీరు సంతకం ఉంటుంది, కట్టిన మేస్త్రి పేరు మాత్రం ఎక్కడా ఉండదని రెండో నెలలో కనిపెట్టింది. ఆఫీసు మొత్తం గాలిస్తే కాంట్రాక్టర్ల పేర్లు రాసి ఉన్న పుస్తకం ఒక్కటే దొరికిందని మూడో నెలలో ప్రకటించింది. ఆ పుస్తకం ఫిర్యాదుల రిజిస్టరు.

ఇక ఆపైన ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు. ఒకడి మీద ఫిర్యాదు వచ్చిందంటే వాడు ఇల్లు కట్టాడనేగా. ఎన్ని ఫిర్యాదులుంటే అన్ని ఇళ్ళు. ఎన్ని ఇళ్ళుంటే అంత అనుభవం. పాతిక దాటినవాడు ఉత్తమ శ్రేణి, పది దాటినవాడు మధ్యమ శ్రేణి, అసలు ఫిర్యాదే లేనివాడు పని రానివాడు. ఉత్తమ శ్రేణిలో ముగ్గురు తేలారు. ఒకాయన అప్పటికే ఊరు విడిచి పారిపోయాడు. ఇంకొకాయన కోర్టుల చుట్టూ తిరుగుతూ తీరిక లేకుండా ఉన్నాడు. అందుబాటులో మిగిలినవాడు అరవై ఒక్క ఫిర్యాదుల దండమూడి చక్రపాణి.

ఈ సంగతులేవీ తెలియకుండా, చంకలో ప్లాను కాగితం పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కిన మొదటి మనిషి శరభయ్య.

శరభయ్య ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసి దిగినవాడు. రూలంటే ఆయనకు గౌరవం. తన బస్సులో సొంత మామగారిని కూడా టిక్కెట్టు కొట్టందే కూర్చోనివ్వలేదు. ఆ మామగారు పోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో శరభయ్య, ఆయన భార్య సౌభాగ్యం పదకొండు అద్దె ఇళ్ళు మారారు. మారిన ప్రతిసారీ సామానంతా బండికెక్కాక, చివర్న నలుగురు మనుషులు కలిసి ఒక రోలును ఎక్కించేవాళ్ళు.

అది సౌభాగ్యం పుట్టింటి రోలు. అద్దె ఇంట్లో రోలు పాతుకోనివ్వరు. "నేల తవ్వితే ఊరుకోం" అని పదకొండు మంది ఇంటివాళ్ళూ ఒకే మాట మాట్లాడారు. అందుకని ఆ రోలు గోడవారన గోనెపట్టా మీద కూర్చునేది. పొత్రం తిప్పితే రోలు కూడా కలిసి తిరిగేది. సౌభాగ్యం ఎడమకాలు దానికి అదిమిపెట్టి రుబ్బేది. ముప్ఫై ఏళ్ళు అలా అదిమిపెట్టగా ఆ పాదం పక్కకు తిరిగిపోయింది. గ్రైండరు కొనిస్తానని శరభయ్య చాలాసార్లు అన్నాడు. "నాకు గ్రైండరొద్దు, నేల కావాలి" అని ఆవిడ ఒక్కసారే అంది. ఆ మాట ఆయనకు లోపల ఎక్కడో దిగబడిపోయింది. వచ్చిన ఉద్యోగ విరమణ డబ్బుతో రెండు సెంట్ల స్థలం కొన్నాడు.

ఎవరు కట్టాలన్నది ఏనాడో తేలిపోయింది. షేక్ బాజీ మేస్త్రి పాతికేళ్ళు ఉదయం ఆరున్నర బస్సుకు తాపీ, మూలమట్టం ఉన్న గోనెసంచీతో ఎక్కేవాడు. ఒకసారి కునుకు పట్టి ఒక స్టేజీ ముందుకు పోయి, లేచి, ఎవరూ అడక్కుండానే ఆ స్టేజీకి కూడా టిక్కెట్టు కొట్టించుకున్నాడు. అలాంటి ప్రయాణికుణ్ణి శరభయ్య తన సర్వీసులో ఇంకొకణ్ణి చూడలేదు. "ఎప్పుడన్నా ఇల్లు కడితే నేనే కడతా సారూ. ముందు అమ్మగారి రోలు పాతినాకే మీరు సామాను దించాల" అని బాజీ ఆ బస్సులోనే మాట ఇచ్చాడు.

ప్లాను చేతికొచ్చి, డబ్బు సర్దుకునేసరికే అయిదు నెలలు గడిచాయి. ఆరు నెలల్లో పని మొదలుపెట్టకపోతే రద్దవుతుందని దాని మీదే రాసి ఉంది. పదకొండో ఇంటాయన కూడా కార్తీకమాసానికల్లా ఖాళీ చెయ్యమన్నాడు.

ఆఫీసులో అర్హతా నిర్ధారణాధికారి వామనమూర్తి శరభయ్యను కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆయన మర్యాదస్తుడు. ఎవరికి ఏది కాదని చెప్పినా మంచినీళ్ళిచ్చి చెబుతాడు.

"షేక్ బాజీ... షేక్ బాజీ..." అంటూ రిజిస్టరు మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ తిరగేశాడు. "సదరు పేరు గల వ్యక్తి ఈ పట్టణ పరిధిలో ఇటుక ముట్టిన దాఖలా లేదండీ."

"నలభై ఏళ్ళుగా కడుతున్నాడండీ. వంద ఇళ్ళకు పైమాటే. ఒక్క గోడ బీట తియ్యలేదు."

"అందుకే దాఖలా లేదు."

"ఆ ఇళ్ళన్నీ నిలబడే ఉన్నాయి కదండీ. ఒకసారి వచ్చి చూడండి."

వామనమూర్తి జాలిగా నవ్వాడు. "నిలబడి ఉన్న ఇల్లు తనను ఎవరు కట్టారో చెప్పదండీ. అదే పడిపోయిన ఇల్లయితే, కట్టినవాడి పేరు ఇంటిపేరుతో సహా ఊరంతా చెబుతుంది. మాకు కావలసింది అలాంటి స్పష్టత. చక్రపాణిగారిని చూడండి. అరవై ఒకటి. అందులో నాలుగు ఒకే ఇంటివారు ఇచ్చినవి. అంటే ఆ ఒక్క చోటే నాలుగిళ్ళ అనుభవం."

శరభయ్యకు ఎదుటివాడు రూలు చెబితే ఎదురు చెప్పడం అలవాటు లేదు. మంచినీళ్ళు తాగి లేచాడు.

చక్రపాణి ఆఫీసు బస్టాండు ఎదురుగా ఉంది. గోడల నిండా అద్దాల ఫ్రేములు. డాక్టర్లు తమ పట్టాలు తగిలించుకున్నట్టు ఆయన తన మీద వచ్చిన ఫిర్యాదులన్నీ తగిలించుకున్నాడు. పాతవాటికి పూలదండలు కూడా ఉన్నాయి.

"రండి రండి, కూర్చోండి" అన్నాడు చక్రపాణి. తెల్లచొక్కా, నుదుట కుంకుమ, నిదానమైన మాట. "ఒకప్పుడు ఈ కంప్లైంట్లు చూసి జనం నా మొహాన ఉమ్మేసేవాళ్ళు సార్. నా కష్టాన్ని గుర్తించటానికి గవర్నమెంటే రావలసొచ్చింది. మీరు నా పనితనం కళ్ళారా చూసి మరీ నిర్ణయం తీసుకోండి."

చూపించడానికి ఒకతన్ని తోడిచ్చి పంపాడు. మొదటి ఇంట్లో పద్ధెనిమిది మెట్లెక్కి పైకి పోతే గోడ వచ్చింది. తలుపు మర్చిపోయారట. రెండో ఇంట్లో స్నానాల గది తలుపు నేరుగా దేవుడి గదిలోకి తెరుచుకుంది. మూడో ఇంట్లో ముసలాయన మంచం మీద గొడుగు వేసుకుని పడుకుని ఉన్నాడు. బయట ఎండ మండిపోతోంది. "వాన వెలిసి మూడు రోజులైంది బాబూ, మా శ్లాబుకింకా వెలవలా" అన్నాడు ఆయన. తన గోడు వింటున్నవాడు కూడా అదే బోనులో తల పెట్టబోతున్నాడని తెలిసి, గొడుగు కాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుందని శరభయ్య అనుకున్నాడు. ఇంటికొచ్చి సౌభాగ్యానికి ఇదేదీ చెప్పలేక, అన్నం సయించడం లేదని పడుకున్నాడు.

మర్నాడు మళ్ళీ వామనమూర్తి దగ్గరికే పోయాడు. వామనమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించి, ఎంతో దయగా ఒక మార్గం చెప్పాడు.

"మీకు ఆ మేస్త్రి మీద అంత అభిమానం ఉంటే, ఆయనకు అన్యాయం జరగడం మాకూ ఇష్టం లేదండీ. ఆయన కట్టిన ఇళ్ళవారి చేత ఒక పాతికకు పైగా ఫిర్యాదులు ఇప్పించండి. ఉత్తమ శ్రేణిలో చేర్చే బాధ్యత నాది."

శరభయ్యకు ప్రాణం లేచొచ్చింది. పాతిక మందిని సీట్లలో సర్దడం ఆయనకు కొత్త కాదు. ఆ సాయంత్రం నుంచే బాజీ కట్టిన ఇళ్ళన్నీ తిరిగాడు. బాజీ పేరు చెప్పగానే అందరూ లోపలికి రమ్మన్నారు. ఫిర్యాదు అనేసరికి మాత్రం మొహాలు చూసుకున్నారు. రాయాలని మనసులో ఎంత ఉన్నా, రాయడానికి ఏదో ఒకటి కనపడాలి కదా. ఇళ్ళన్నీ వెతికారు. గోడలు తట్టారు. చివరికి ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు రాశారు.

గోడకు మేకు దిగడం లేదు, పెళ్ళి ఫొటో తగిలించుకుందామంటే మూడు మేకులు వంగిపోయాయి అని ఒకాయన రాశాడు. ఇంట్లో ఎలుక దూరే సందు లేక మా పిల్లి చిక్కిపోయింది అని ఇంకొకావిడ. శ్లాబు చుక్క కూడా కురవకపోవడం వల్ల లోపలున్నవాళ్ళకు వాన పడుతున్న సంగతి తెలియక ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయి అని ఒక పంతులుగారు. తలుపు చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంటోంది, కోడలు ఏ వేళకు వచ్చిందీ పోయిందీ తెలియడం లేదు అని రత్తమ్మ అనే పెద్దావిడ వేలిముద్ర వేసి మరీ ఇచ్చింది. మొత్తం ఇరవై ఆరు.

వామనమూర్తి వాటిని ఒక్కొక్కటే చదివాడు. చదివేకొద్దీ కనుబొమలు పైకి పోయాయి. "ఇవి ఫిర్యాదులేనంటారా?"

"పైన 'విషయం: ఫిర్యాదు' అని ఉందండీ. కింద సంతకాలున్నాయి."

వామనమూర్తి పైనా చూశాడు, కిందా చూశాడు. "అయితే ఫిర్యాదులే" అని ముద్ర వేశాడు. "నిబంధన ప్రకారం మేస్త్రికి నోటీసులు పోతాయి. పదిహేను రోజుల గడువు ముగియగానే శ్రేణి ఖరారు."

శరభయ్య పదిహేను రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పదహారో రోజు పోతే వామనమూర్తి రిజిస్టరు తెరిచి చూపించాడు. షేక్ బాజీ పేరు కింద ఇరవై ఆరు వరుసలు. ఇరవై ఆరింటి మీదా ఎర్ర గీత. 'పరిష్కరించబడినది. కొట్టివేయడమైనది.'

"పరిష్కారమైన ఫిర్యాదు లెక్కలోకి రాదండీ" అన్నాడు వామనమూర్తి నొచ్చుకుంటూ. "మా సర్వీసులో ఫిర్యాదు పరిష్కారం కావడం ఇదే మొదలు. ఎర్ర సిరా కోసం బజారుకు పంపించాల్సొచ్చింది."

జరిగిందేమిటంటే, బాజీకి ఒకే రోజు ఇరవై ఆరు నోటీసులు అందాయి. నలభై ఏళ్ళలో తన పని మీద ఒక్క మాట పడని మనిషి. మనవరాలి చేత చదివించుకుని, ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తెల్లవారి సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. మేకు దిగని గోడకు చెక్క బిరడాలు దిగేసి ఫొటో తగిలించి వచ్చాడు. పంతులుగారి చూరు కింద వాన చినుకు పడగానే మోగేట్టు రేకు బిగించాడు. రత్తమ్మ తలుపుకు చిన్న గంట కట్టాడు. పిల్లికి మాత్రం ఏం చెయ్యాలో తోచక, రోజూ గ్లాసు పాలు పంపుతానని ఒప్పుకున్నాడు. పని నచ్చిందని సంతకం పెట్టమని అందరినీ బతిమాలాడు. నచ్చలేదని అబద్ధం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

శరభయ్య బాజీ ఇంటికి పరుగెత్తాడు. బాజీ వాకిట్లో కూర్చుని తాపీకి పట్టిన సిమెంటు గీకుతున్నాడు. పదిహేను రోజులకే మనిషి వడిలిపోయాడు.

"ఎంత పని చేశావయ్యా బాజీ. అవన్నీ నీ మేలు కోరి నేనే రాయించాను. మళ్ళీ రాయిస్తా. నా ఇల్లయ్యేదాకా వాటి జోలికి పోకు."

బాజీ తాపీ కింద పెట్టాడు. "మీరే రాయించారా సారూ" అన్నాడు. ఆ గొంతు విని శరభయ్యకు సిగ్గేసింది. "మీ మంచితనం నాకు తెలుసు. అయితే నా పేరు మీద తప్పుందని ఒక కాయితం ఉంటే, తాపీ పట్టుకుంటే చెయ్యి వణుకుద్ది. మీ ఇల్లు వణికే చేత్తో కట్టమంటారా?"

బాగుచేసేవాడి మీద ఫిర్యాదు నిలవదు, ఫిర్యాదు నిలవనివాడు ఇల్లు కట్టకూడదు. చక్రపాణి మీది అరవై ఒకటీ చెక్కుచెదరకుండా ఎందుకున్నాయో శరభయ్యకు అప్పుడర్థమైంది. ప్లాను గడువు ఇంకా పదకొండు రోజులుంది.

గడువుకు రెండు రోజుల ముందు చక్రపాణి చేత శంకుస్థాపన జరిగింది. సౌభాగ్యం పట్టుబట్టి రోలును స్థలం దగ్గరికి చేర్పించింది. రేపు వంటిల్లు రాబోయే మూలన దాన్ని దింపించి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. చక్రపాణి మనుషులు నాలుగు రోజుల్లో ఆ మూల గోడ ఆరడుగులు లేపారు. ఇసుకలో సిమెంటు ఉందో లేదో శరభయ్యకు కనపడలేదు. అడిగితే, "అనుభవం ఉన్నవాళ్ళం సార్, కొద్దిగా వేసినా సరిపోద్ది" అన్నారు.

అయిదో రోజు మధ్యాహ్నం సౌభాగ్యం ఆ గోడ నీడలో రోలు మీద కూర్చుని ఉంది. ఎవరో దాహమన్నారు. బిందె దగ్గరికి లేచి నాలుగడుగులు వేసింది. వెనక గోడ కూర్చున్నట్టే కూలింది.

దుమ్ము అణిగేదాకా శరభయ్యకు ఆవిడ కనపడలేదు. ఆ కాసేపట్లో ఆయన బతుకంతా ఆగిపోయింది. ఆవిడ చేతిలో గ్లాసుతో నిలబడి ఉండటం చూశాక అక్కడే మట్టిలో కూలబడ్డాడు. రోలుకేమీ కాలేదు. దాని మీద పడిన ఇటుకలే పిండైపోయాయి.

అరగంటలో చక్రపాణి మోటారుసైకిలు మీద వచ్చాడు. క్షమించమంటాడేమోనని శరభయ్య పిచ్చి ఆశ పడ్డాడు. చక్రపాణి సంచిలోంచి అచ్చువేసిన కాగితం తీశాడు. పేరు, ఊరు, గోడ పడిన తేదీతో సహా నింపే ఉంది.

"ఇక్కడ సంతకం పెట్టండి సార్. అరవై రెండోది. మహోత్తమ శ్రేణి పెడతారంటున్నారు, మీ చేతి చలవ." కూలిన గోడ వంక చూసి, "మామూలుగా శ్లాబు పడ్డాకే వస్తది కంప్లైంటు. మీది ముందే వచ్చింది, మంచి శకునం" అన్నాడు.

శరభయ్యకు పుట్టినప్పటినుంచీ అంత కోపం రాలేదు. కలం లాక్కుని, కాగితం చిరిగేలా సంతకం పెట్టబోయాడు. సౌభాగ్యం వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. మీరు కోపమొచ్చి పెట్టినా అది ఆయనకు అనుభవమే అవుద్ది." చక్రపాణి వైపు తిరిగింది. "అన్నా, ఇంతకీ పని మొదలుపెట్టినట్టేనా?"

"కొబ్బరికాయ కొట్టింది నేనే కదమ్మా. ఫొటో కూడా ఆఫీసులో ఇచ్చా."

"మొదలైన గోడ పడిపోయింది. పడిపోయిన గోడను మళ్ళీ కడితే దాన్నేమంటారు?"

"మరమ్మతంటారు" అనేశాడు చక్రపాణి. తర్వాత ఏదో అర్థమైనట్టు నోరు మూసుకున్నాడు. కానీ ఆయన ఎక్కువ బాధపడలేదు. అప్పటికి ఇంకో ఎనిమిది చోట్ల గోడలు సగం లేపి ఉన్నాడు. వాటిలో ఏదో ఒకటి త్వరలోనే పడుతుందన్న నమ్మకంతో వెళ్ళిపోయాడు.

బాజీ వచ్చి, పడిన ఇటుక ఒకటి తీసి రెండు వేళ్ళతో నలిపి చూసి, పక్కన పెట్టాడు. "ఎక్కడిదాకా మరమ్మతు చెయ్యమంటారమ్మా?"

"ఎక్కడిదాకా పాడైతే అక్కడిదాకా."

"అయితే పునాది కాడినుంచీ" అన్నాడు బాజీ.

పునాది మరమ్మతు చేశాడు. గోడలు మరమ్మతు చేశాడు. అంతకుముందు లేని శ్లాబును కూడా మరమ్మతు చేశాడు. మధ్యలో వామనమూర్తి తనిఖీకి వచ్చి తొమ్మిదో నిబంధనను మూడుసార్లు చదువుకున్నాడు. మరమ్మతు చెయ్యడానికి ముందు ఆ వస్తువు ఉండి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఆయన నిజాయితీపరుడు, లేని మాట కల్పించలేదు. ఆశ్వయుజం వెళ్ళేసరికి రెండు గదులూ, వంటిల్లూ తయారయ్యాయి. అన్నిటికంటే ముందు, ఇచ్చిన మాట ప్రకారం, వంటింటి మూల నేల తవ్వి రోలు పాతాడు బాజీ.

ఇంటికి నంబరు వేస్తే కరెంటు వస్తుంది. కరెంటు వస్తే సామాను దించుకోవచ్చు. నంబరు కోసం వామనమూర్తి స్వయంగా వచ్చాడు. ఎండలో నడిచి వచ్చాడని లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగి, చల్లగా ఉందని మెచ్చుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఫారం మీద రాశాడు: 'సదరు స్థలమునందు గృహము నిర్మింపబడినట్లు దాఖలా లేదు.'

"మీరు ఇంట్లోనే ఉన్నారు కదండీ" అన్నాడు శరభయ్య.

"వ్యక్తిగతంగా ఉన్నానండీ. ఆఫీసు పరంగా, ఫిర్యాదు రాని ఇల్లు కట్టినట్టు కాదు. ఒక్కటి పడేయండి, ఎవరి మీదైనా సరే. రేపే నంబరు."

చక్రపాణి మీద రాస్తే ఇల్లు చక్రపాణి కట్టినట్టవుతుంది. ఈ గోడల్ని ఆ మనిషి అనుభవంలో కలపడానికి శరభయ్యకు ప్రాణం ఒప్పలేదు. బాజీ మీద రాస్తే, ఏం రాసినా బాజీ మర్నాడే వచ్చి బాగుచేస్తాడు. ఫిర్యాదు కొట్టేస్తారు, దానితో పాటే ఇల్లూ దాఖలాలోంచి పోతుంది. పదకొండో ఇంటాయన ఇచ్చిన గడువు ఇంకా మూడు రోజులు. శరభయ్య గుమ్మంలో తల పట్టుకు కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు రూలు చెప్పిన మనిషికి రూలు అంటే మొదటిసారి ఏడుపొచ్చింది.

సౌభాగ్యం కాగితం అడిగింది. వంటింట్లోకి పోయి రెండు నిమిషాల్లో రాసుకొచ్చి, మడత పెట్టి వామనమూర్తి చేతిలో పెట్టింది. వామనమూర్తి పైనా కిందా చూసి ముద్ర వేశాడు. భార్య ఏం రాసిందో చూపించమని శరభయ్య అడిగితే, నోటీసు వచ్చినప్పుడు చూద్దురుగాని అంది.

నోటీసు మర్నాడే బాజీకి అందింది. సాయంకాలం సంచీతో, భుజాన గునపంతో వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "మీరు కూడానా అమ్మా" అని మాత్రం అని, కాగితం శరభయ్య చేతికిచ్చాడు. శరభయ్య పైకి చదివాడు.

"అయ్యా, షేక్ బాజీ మేస్త్రి మా వంటింట్లో పాతిన రోలు కదలడం లేదు. రెండు చేతులతో తోసి చూశాను, కాలితో తన్ని చూశాను, కదలలేదు. ఇక మేము ఈ ఇల్లు ఖాళీ చేసి వేరే ఇంటికి పోయే వీలు లేకుండా పోయింది. తగు చర్య తీసుకోగలరు. ఇట్లు, సౌభాగ్యం."

శరభయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాజీ గునపం గోడకానించి వంటింట్లోకి పోయాడు. రోలు పక్కన గొంతుక్కూర్చుని, ఎడమ చేత్తో ఒకసారి, రెండు చేతులతో ఒకసారి, భుజం ఆనించి ఒకసారి తోశాడు. నలభై ఏళ్ళలో తన మీద వచ్చిన ఫిర్యాదుల్లో నిజమైనది ఇదొక్కటేనని తేల్చుకున్నవాడిలా లేచి నిలబడ్డాడు.

"ఇది మాత్రం నేను బాగుచెయ్యను సారూ" అన్నాడు. "ఉండనీయండి."

ఇంటికి నంబరు వచ్చింది. రిజిస్టర్లో షేక్ బాజీ పేరు కింద ఎర్ర గీత పడని వరుస ఒకటి మిగిలింది. ఆఫీసు లెక్కన ఆయన ఈ ఊళ్ళో కట్టిన ఇల్లు అదొక్కటే. సామాను దించిన రోజు సౌభాగ్యం నానబెట్టిన మినప్పప్పు రోట్లో పోసి, తిరిగిపోయిన ఆ ఎడమకాలు అలవాటు కొద్దీ ముందుకు పెట్టబోయి, ఆగి, వెనక్కు తీసుకుంది. రెండు కాళ్ళూ చాపుకుని కూర్చుని పొత్రం తిప్పడం మొదలుపెట్టింది.